తొమ్మిదిసార్లు మూసిన విండో

"తొమ్మిదిసార్లు," అన్నాడు సేఫ్టీ ఆఫీసర్. కాగితాన్ని ఆమె వైపు తిప్పి, ఒక్కొక్క వరుస కింద గోటితో గీత పెట్టాడు. "ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. లోపల మనిషి చచ్చిపోతుంటే అలారం విండోని తొమ్మిదిసార్లు మూశావు. ఇది నా మాట కాదు. కంప్యూటర్ రాసుకున్న లాగ్."

బల్లకి ఇవతల కూర్చున్న ఆపరేటర్ ఆ కాగితం వైపు చూడలేదు. వారం రోజుల్లో అది ఆమెకి కంఠతా వచ్చేసింది.

"మూశాను సార్. కానీ మూద్దామని మూయలేదు."

"విన్నారా పెద్దమ్మగారూ? మీ కోడలే ఒప్పుకుంటోంది."

"వినపడింది బాబూ, చెవులు బాగానే ఉన్నాయి," అంది పక్కన కూర్చున్న అత్తగారు. "నా కోడలికి నోరెక్కువ. మొండిది. ఆ సంగతి నీకంటే ముందు నేనే చెప్తాను. కానీ పక్కింట్లో పాలు పొంగుతుంటే మా ఇంట్లోంచి కేకేసే మనిషి అది. ఎదురుగా ఎర్రగా అలారం వెలుగుతుంటే మూసేసి కూర్చుందంటే నేను నమ్మను. అందుకే ఈయన్ని తీసుకొచ్చాను."

ఆయన తలుపు పక్కన నిలబడి ఉన్నారు. పాతికేళ్లు బడిలో లెక్కలు చెప్పి, ఆ తర్వాత డిటెక్టివ్ పనిలోకి వచ్చిన మనిషి. ఇప్పటికీ అందరూ మాస్టారనే పిలుస్తారు. కోపం పెరిగినకొద్దీ ఆయన గొంతు తగ్గుతుంది. వెనక బెంచీల వాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

"నాకో గంట కావాలి," అన్నారు మాస్టారు. "ముందు ఈ అమ్మాయితో మాట్లాడాలి. తర్వాత కంట్రోల్ రూమ్ చూడాలి."

ఆఫీసర్ గడియారం చూసుకున్నాడు. రెండూ ఇరవై అయిదు.

"మేనేజరు సరేనన్నారు కాబట్టి చూసుకోండి. లెక్కలు చెప్పుకుంటారో, గుణింతాలు దిద్దించుకుంటారో మీ ఇష్టం. నాలుగింటికి పోలీసులు నా రిపోర్టు తీసుకెళ్తారు. ఈమె తప్పు ఒప్పుకుని సంతకం పెడితే నిర్లక్ష్యం అని రాస్తాను. పెట్టకపోతే కావాలని చేసిందని రాస్తాను. జైలు రెండింటికీ ఉంది. ఏళ్లే తేడా." లేచి కాగితాలు సర్దుకున్నాడు. "నాకు అవతల పనుంది. మూడున్నరకి ఏడో గది మళ్లీ తెరుస్తున్నాం. అంతా బాగుందని సర్టిఫికెట్ నేనే ఇచ్చాను."

అతను వెళ్లాక విజిటర్ల గదిలో ముగ్గురే మిగిలారు.

జరిగిన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకోవచ్చు. ఇది కోల్డ్ స్టోరేజీ. గదుల్ని చల్లబరిచే గొట్టాల్లో అమ్మోనియా పారుతుంది. పోయిన మంగళవారం పదకొండూ ఆరు నిమిషాలకి ఏడో గదిలో ఒక వాల్వ్ దగ్గర అది లీకైంది. లోపల కంప్రెసర్ మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. అలారం కంట్రోల్ రూమ్‌కి వెంటనే చేరింది. చూసిన ఆపరేటర్ వాల్వ్ మూయాలి, ఫ్యాన్లు వేయాలి, గదికి ఫోన్ చేసి బయటికి రమ్మనాలి. పదకొండు నిమిషాలపాటు అవేవీ జరగలేదు. పదకొండూ పదిహేడుకి లోడింగ్ మనిషి ఒకడు తలుపు అద్దంలోంచి చూసి కేకలు పెట్టాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ మెకానిక్ తొమ్మిదో తరగతి మాస్టారి దగ్గరే చదివాడు. ఆ మాట మాస్టారు ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నోటుబుక్కు తెరిచారు.

"నిమిషం నిమిషం చెప్పమ్మా."

"పదీ ముప్పావుకి టీకి లేచాను మాస్టారూ. రోజూ అదే టైము. స్క్రీన్ లాక్ చేసి వెళ్లాను. పదకొండుకి వచ్చి ఒకటి నొక్కాను."

"ఒకటంటే?"

"మాకు నాలుగు విండోలు ఉంటాయి. గదుల ప్లాను, కెమెరా, ఉష్ణోగ్రతలు, అలారంల జాబితా. ఎవరికి ఏది ఎక్కడ కావాలో వాళ్లు అమర్చుకుని, ఒక అంకె కింద సేవ్ చేసుకుంటారు. దాన్ని లేఅవుట్ అంటాం. నాది ఒకటి. రెండో షిఫ్టు వాళ్లది రెండు, రాత్రి వాళ్లది మూడు. కంట్రోల్ మీట పట్టుకుని మన అంకె నొక్కితే విండోలన్నీ మన పద్ధతిలోకి వచ్చేస్తాయి."

"వంటింట్లో డబ్బాల్లాగా," అంది అత్తగారు. "ఇది సర్దితే నాకు దొరకవు, నేను సర్దితే దీనికి దొరకవు."

"అత్తయ్యా, కాసేపు ఆగండి." ఆపరేటర్ మాస్టారి వైపు తిరిగింది. "ఆ రోజు ఒకటి నొక్కితే మూడే వచ్చాయి మాస్టారూ. అలారంల జాబితా రాలేదు. కెమెరాలో గేటు బదులు ఏదో గది తలుపు ఉంది. సిస్టమ్ మెల్లగా ఉందనుకున్నాను. ఫోన్లు రెండు వచ్చాయి, మాట్లాడాను. పదకొండూ ఎనిమిదికి మెనూ తెరిచి చూశాను. అలారంల పక్కన టిక్కు ఉంది. అంటే విండో తెరిచే ఉందని. మరి కనపడదేం? టిక్కు తీశాను, మళ్లీ పెట్టాను. రాలేదు. మళ్లీ తీశాను, పెట్టాను."

"అలా తొమ్మిదిసార్లు."

"లెక్క నాకు తెలీదు. లాగ్ చూశాకే తెలిసింది."

"ఎవరికైనా చెప్పావా?"

"ఆయనకే చెప్పాను!" ఆమె తలుపు వైపు వేలు చూపించింది. "పదకొండూ పదికి ఫోన్ చేశాను. సార్, అలారం విండో కనపడట్లేదు అన్నాను. మెనూలో టిక్కు ఉందా అన్నారు. ఉంది సార్ అన్నాను. ఉంటే నీ మొహం ముందే ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని చూడు అన్నారు. నవ్వారు కూడా. పెట్టేశారు. ఇప్పుడేమో ఫోనే రాలేదంటున్నారు. మా లోపలి ఫోన్లకి రికార్డు ఉండదు."

"నీకు కళ్లజోడు ఉందా?"

"లేదు మాస్టారూ."

మాస్టారు ఆ మాట కింద రెండు గీతలు గీశారు. "ఇంకొకటి అడగాలి. రెండు నొక్కి ఉంటే?"

ఆపరేటర్ తన చూపుడువేలు వైపు చూసుకుంది.

"కనపడేది," అంది. "తట్టలేదు. మాలో ఎవరి అంకె వాళ్లదే. పక్కవాళ్లది ముట్టుకుంటే వాళ్ల అమరిక చెడుతుందని భయం. ఎనిమిదేళ్లలో నేను ఇంకో అంకె నొక్కలేదు. పోలీసులు ఏమన్నా అననీండి. నాకు నిద్ర పట్టనివ్వంది మాత్రం అదొక్కటే."

అత్తగారు కోడలి భుజం మీద చెయ్యి వేసింది. 

*

కంట్రోల్ రూమ్‌లో బల్ల ఒక్కటే. దాని మీద మానిటర్ కూడా ఒక్కటే. కూర్చున్న మనిషిని అందరూ పొడుగాయన అంటారు. రెండో షిఫ్టు ఆపరేటర్. నిలబడితే ట్యూబులైటు తలకి తగులుతుందేమో అన్నట్టు ఉంటాడు.

మాస్టారు బల్ల చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి కింద వైర్లు చూశారు. కీబోర్డు ఎత్తి చూశారు. కింద చీటీ అంటించి ఉంది.

"పాస్‌వర్డా?"

"అవునండీ. అందరికీ ఒకటే. ఎవరు ఏం చేసినా లాగ్‌లో 'కంట్రోల్ రూమ్' అనే పడుతుంది. మేనేజరుగారు చూసుకున్నా, సేఫ్టీ ఆఫీసరుగారు వాళ్ల గదిలోంచి చూసుకున్నా అంతే."

"వాళ్ల గదుల్లో కూడా ఈ సాఫ్ట్‌వేర్ ఉందా?"

"ఉందండీ. లేఅవుట్లు సర్వర్లో ఉంటాయి కాబట్టి ఇవే అంకెలు అక్కడా పనిచేస్తాయి."

మాస్టారు తల పైకెత్తారు. గోడ మీద బజర్ ఉంది. దాని మూతికి టేపు చుట్టి, వైరు పీకేసి ఉంది.

పొడుగాయన చూపు తిప్పుకున్నాడు. "తలుపు తెరిచినప్పుడల్లా మోగేదండీ. షిఫ్టుకి రెండొందల సార్లు. పిచ్చెక్కిపోయేవాళ్లం. మూడు షిఫ్టుల వాళ్లమూ కలిసి అడిగితే సేఫ్టీ ఆఫీసరుగారు పీకెయ్యమన్నారు. జాబితా కళ్లముందే ఉంటుంది కదా, చెవులెందుకు అన్నారు. మేమూ సరేనన్నాం." గొంతు సవరించుకున్నాడు. "అందరం సరేనన్నాం."

"గది దగ్గర సైరన్?"

"అది ఆరు నెలల నుంచి మూగదే."

మాస్టారు లాగ్ చూపించమన్నారు. మూసిన టైములూ తెరిచిన టైములూ సెకన్లతో సహా ఉన్నాయి. పదకొండూ ఎనిమిదీ పద్నాలుగు సెకన్లకి మూత. పదిహేను సెకన్లకి తెరవడం. పదిహేడుకి మూత. పద్దెనిమిదికి తెరవడం. ఆయన తొమ్మిది జతలనీ నోటుబుక్కులోకి ఎక్కించి, ఒక్కొక్కదాని పక్కన తీసివేత చేశారు. ఒక సెకను. ఒకటి. రెండు. ఒకటి. అన్నిటికంటే పెద్ద తేడా మూడు సెకన్లు.

"చూడడం ఇష్టం లేక మూసినవాళ్లు ఒక్క సెకనులో మళ్లీ తెరుస్తారా?" అని అడిగారు.

"తెరవరండీ."

"ఆ మాట అన్నదెవరు?" గుమ్మం దగ్గర్నుంచి సేఫ్టీ ఆఫీసర్ గొంతు. మూడూ అయిదు. "పొడుగూ, నువ్వు ఎవరి దగ్గర ఉద్యోగం చేస్తున్నావ్?"

పొడుగాయన లేచి నిలబడ్డాడు.

"నేనే అడిగాను," అన్నారు మాస్టారు. "ఆ అమ్మాయి విండోని మూయలేదు. వెతికింది."

"ఎదురుగా ఉన్నదాన్ని వెతకడం ఏంటి? మాస్టారూ, మీకు నల్లబల్ల తెలుసు, సుద్దముక్క తెలుసు. సాఫ్ట్‌వేర్ తెలీదు. విండో తెరిచి ఉంటే కనపడి తీరుతుంది. తెరిచి ఉంచి, కనపడకుండా దాచడం ఇందులో కుదరదు. రాసుకోండి."

మాస్టారు నిజంగానే రాసుకున్నారు. టైము కూడా వేశారు.

"ఇంకోటి కూడా చెప్పండి, రాసుకుంటాను. ఏడో గది సైరన్ పనిచేస్తోందని ఆరు నెలలుగా సంతకం పెడుతున్నది ఎవరు?"

ఆఫీసర్ గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. "దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"మెకానిక్ మూడు లెటర్లు రాశాడు. సైరన్ మోగట్లేదని. నకళ్లు వాళ్లమ్మ దగ్గర ఉన్నాయి."

"వాడికి లెటర్లు రాసే జబ్బు ఉండేది."

"వాడు అనకండి." మాస్టారి గొంతు పక్కనున్న పొడుగాయనకి కూడా కష్టం మీద వినపడింది. "పోయిన మనిషి. మెకానిక్ అనండి. నాలుగో లెటర్ మీకు కాదు, ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లకి రాశాడు. బుధవారం పోస్టు చేద్దామనుకున్నాడు. మంగళవారం పొద్దున మీరు పిలిచి, ఏడో గదిలో వాల్వ్ బిగించి రమ్మన్నారు. పని చీటీ లేకుండా. నోటిమాటతో."

"ఎవరన్నారు?"

"పొద్దున్న టిఫిను క్యారేజీ ఇస్తుంటే వాళ్లమ్మతో చెప్పాడు. సేఫ్టీ ఆఫీసరు పిలిచాడమ్మా, మొదటిసారి మర్యాదగా మాట్లాడాడు అన్నాడట."

ఆఫీసర్ ఒక అడుగు ముందుకి వేశాడు. ఇద్దరి మధ్యా కుర్చీ ఒక్కటే అడ్డం.

"చూడు. నువ్వు పోలీసువి కాదు, లాయరువి కాదు. ముసలావిడ తీసుకొచ్చిన రిటైర్డు పంతులువి. నీ కథలు నీ స్కూల్లో చెప్పుకో. ఆ అమ్మాయిని నా గదికి పంపించమన్నాను. ఇవాళ సంతకం పెడుతుంది. పెట్టించి తీరుతాను."

అతను విసురుగా వెళ్లిపోతే తలుపు గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చింది. మాస్టారి పెన్ను ములికి కాగితంలోకి దిగబడిపోయి ఉంది. ఆ పేజీ చించి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఒకటో నంబరు లేఅవుట్ చూపించు బాబూ."

పొడుగాయన నొక్కాడు. నాలుగు విండోలూ వచ్చాయి. అలారంల జాబితా కుడి పక్కన పైనుంచి కిందిదాకా నిక్షేపంగా ఉంది.

"ఇప్పుడు బాగానే ఉంది. దీని పాత కాపీలు ఉంటాయా?"

"ఉంటాయండీ. సేవ్ చేసిన ప్రతిసారీ సర్వర్ పాతదాన్ని పక్కన పెడుతుంది. ఒకసారి నాది చెడిపోతే అక్కణ్ణుంచే తెచ్చుకున్నాను. చాలామందికి తెలీదు ఆ సంగతి." వెతికాడు. వెతికి, కుర్చీలో ముందుకి వంగాడు. "మాస్టారూ. మూడు ఉన్నాయి. మొదటిది రెండేళ్ల కిందటిది. తర్వాతవి రెండూ పోయిన మంగళవారానివే. ఒకటి పదీ యాభై ఒకటికి. ఇంకోటి పదకొండూ నలభైకి."

పదీ యాభై ఒకటికి ఆ అమ్మాయి టీ తాగుతోంది. పదకొండూ నలభైకి మెకానిక్‌ని బయటికి తెచ్చి నేల మీద పడుకోబెట్టారు. అందరూ అక్కడే గుమిగూడి ఉన్నారు.

"మధ్యది తెరువు. అమరిక కాదు, అందులో ఏం రాసి ఉందో."

వరుసలు వచ్చాయి. ఒక్కో విండోకి నాలుగు అంకెలు. తెర ఎడమ అంచు నుంచి ఎంత దూరం, పై అంచు నుంచి ఎంత, వెడల్పు ఎంత, ఎత్తు ఎంత. ప్లాను సున్నా దగ్గర మొదలైంది. కెమెరా తొమ్మిది వందల అరవై దగ్గర. అలారంల జాబితా మైనస్ పద్నాలుగు వందల ఎనభై దగ్గర.

మాస్టారు ఆ మైనస్ గుర్తు మీద వేలు పెట్టారు.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు గ్రాఫు కాగితానికి ఎడమ అంచునే నిలువు గీత గీసేవాడు. మైనస్ అంకెలు ఎక్కడ పెడతావురా అంటే, సున్నాకి ఎడమ పక్కన ఏముంటుంది మాస్టారూ, బల్లే కదా అనేవాడు. క్లాసంతా నవ్వేది. గీత మధ్యలో గియ్యమని మాస్టారు మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి కాగితం చించేశారు. ఆ చించేసిన సంగతి ఈ వారం రోజులుగా గుర్తొస్తూనే ఉంది.

"సున్నాకి ఎడమ పక్కన," అన్నారు నెమ్మదిగా. "ఇక్కడ తెర లేదు. బల్లే ఉంది. విండో తెరిచే ఉంది, కానీ తెర లేని చోట తెరిచి ఉంది. టిక్కు ఎన్నిసార్లు తీసి పెట్టినా అక్కడే తెరుచుకుంటుంది."

పొడుగాయన తెర ఎడమ అంచు పక్కన ఖాళీలో చెయ్యి పెట్టి చూశాడు.

"ఈ బల్ల దగ్గర కూర్చుని మౌసుతో ఆ విండోని అంత దూరం తోసెయ్యొచ్చా?"

"లేదండీ. తెర అంచు దాకానే పోతుంది. అక్కడ రెండో మానిటర్ ఉంటేనే..." ఆగాడు. "ఎడమ పక్కన రెండో మానిటర్ ఉన్నవాళ్లే చెయ్యగలరు. మేనేజరుగారికి రెండు ఉన్నాయి, కానీ రెండోది కుడి పక్కన. ఎడమ పక్క బీరువా. సేఫ్టీ ఆఫీసరుగారికీ రెండు ఉన్నాయి. ఏ పక్కనో నాకు తెలీదండీ. మమ్మల్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడతారు."

మూడూ ముప్ఫై అయిదు.

"ఆ మధ్య కాపీని ఒకటో నంబరులో పెట్టు."

"పెట్టొచ్చండీ. కానీ అది సర్వర్లో నిలవాలంటే నా తెర కూడా అలాగే ఉంచాలి, అప్పుడు..."

"పెట్టు."

పొడుగాయన పెట్టాడు. తెర ఒకసారి మిణుకుమంది. మూడు విండోలే మిగిలాయి. మెనూలో అలారంల పక్కన టిక్కు అలాగే ఉంది. ఆ అమ్మాయి చూసింది ఇదే. ఈ ఖాళీలోనే తొమ్మిది నిమిషాలు కొట్టుకుంది.

"నేను ఫోన్ చేసేదాకా కదపకు."

"అలారాలు కనపడవు కదండీ మాస్టారూ."

"అయిదు నిమిషాలు!" అన్నారు మాస్టారు. ఆ గదిలో ఆయన గొంతు పెంచడం అదొక్కసారే. అప్పటికే మెట్లవైపు నడుస్తున్నారు.

*

ఆఫీసర్ గదిలో బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. ఆపరేటర్ చేతిలో పెన్ను ఉంది, మూత తీయలేదు. అత్తగారు కోడలి కుర్చీని ఆనుకుని నిలబడింది.

"నేను చెప్పినట్టు రాస్తే రెండేళ్లలో బయటికొస్తావు. నీ కూతురు అప్పటికి ఎన్నో క్లాసు? మూడా?" అంటున్నాడు ఆఫీసర్.

మాస్టారు అతని వైపు చూడలేదు. బల్ల వైపు చూశారు. ఎదురుగా ఒక మానిటర్. దానికి ఎడమ పక్కన, కాస్త ఏటవాలుగా, ఇంకొకటి. కంట్రోల్ రూమ్ సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంది.

మూడూ ముప్ఫై తొమ్మిది.

"అమ్మా, ఆ పెన్ను పక్కన పెట్టు. ఈ కీబోర్డు మీద నీ అంకె నొక్కు."

"ముట్టుకోకు!" ఆఫీసర్ కుర్చీ వెనక్కి జరిగింది. "నా సిస్టమ్ అది!"

"నొక్కవే," అంది అత్తగారు. "మాస్టారు చెప్తుంటే చూస్తావేం?"

ఆఫీసర్ చెయ్యి చాపేలోపలే ఆపరేటర్ వంగి నొక్కింది. ఎనిమిదేళ్లుగా నొక్కిన అంకె.

ఎదురు తెర మీద ప్లాను, కెమెరా, ఉష్ణోగ్రతలు వచ్చి కూర్చున్నాయి. ఎడమ తెర మీద అలారంల జాబితా తెరుచుకుంది. పై అంచు నుంచి కింది అంచు దాకా, కొలిచి కోసినట్టు.

మాస్టారు ఆ అంచుల మీద వేలు పోనిచ్చారు.

"ఇది పోయిన మంగళవారం పదీ యాభై ఒకటికి సేవ్ చేసిన లేఅవుట్," అన్నారు మాస్టారు. "ఈ అమ్మాయి తెర మీద దీనికి చోటు లేదు. ఈ బల్ల మీద ఒక్క గీత తేడా లేకుండా సరిపోయింది. ఎందుకంటే ఇక్కడే అమర్చారు. కెమెరా చూడండి. ఆమె లేఅవుట్‌లో గేటు కెమెరా ఉంటుంది. ఇందులో ఏడో గది తలుపు. మెకానిక్ లోపలికి వెళ్లింది పదకొండూ నాలుగుకి. దానికి పదమూడు నిమిషాల ముందే మీరు ఆ తలుపు చూస్తూ కూర్చున్నారు. వాల్వ్ లీకవుతుందని తెలిసే పంపారు."

"ఇదంతా..." అన్నాడు ఆఫీసర్. "ఇదంతా నువ్వు అల్లిన..."

"మాస్టారూ, ఆగండి," అంది ఆపరేటర్.

ఎడమ తెర మీద పై వరుస ఎర్రబడింది. ఏడో గది. అమ్మోనియా.

"అది పాతది," అన్నాడు ఆఫీసర్.

"టైము చూడండి. మూడూ నలభై ఒకటి. ఇప్పటిది."

కెమెరాలో ఏడో గది తలుపు తెరిచి ఉంది. గుమ్మం పక్కన తోపుడుబండి ఉంది. మనుషులు లోపల ఉన్నారు. వాల్వ్ మార్చలేదు, సైరన్ బాగుచేయలేదు, సర్టిఫికెట్ మాత్రం ఇచ్చారు. కింద కంట్రోల్ రూమ్‌లో పొడుగాయన తెర మీద ఈ ఎర్ర వరుస లేదు. మాస్టారు చెప్పినట్టే అతను దేన్నీ కదపకుండా కూర్చుని ఉన్నాడు.

ఆ సంగతి మాస్టారికి అప్పుడు తట్టింది. గోడకి ఆనుకున్నారు.

ఆపరేటర్ ఎవరి వైపూ చూడలేదు. కీబోర్డుని తన వైపు లాక్కుంది. ప్లానులో ఏడో గది వాల్వ్ మూసింది. ఫ్యాన్లు వేసింది. ఎడమ చేత్తో ఫోన్ ఎత్తి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. ఏడో గదిలో గుమ్మం పక్కన గోడకున్న ఫోను నంబరు ఆమె వేళ్లకే తెలుసు.

"ఎవరది? అందర్నీ బయటికి రమ్మను. ఇప్పుడే. సరుకు అక్కడే పడేయండి! కళ్లు మండుతున్నాయా? మూసుకోండి, ఎడమ చేతి గోడ పట్టుకుని రండి. పరిగెత్తొద్దు, గోడ వదలొద్దు. ఎంతమంది ఉన్నారు? అయిదుగురా?"

కెమెరాలో ఒకడు వచ్చాడు, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. వెనక ఇద్దరు. నాలుగోవాడు దగ్గుతూ గుమ్మంలో కూలబడితే ముందువాళ్లు లాగారు.

"నాలుగు," అంది ఆపరేటర్. "ఇంకొకడేడీ? గట్టిగా అరవండి, ఆపకుండా అరవండి! మీ గొంతు విని వస్తాడు."

తలుపు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ తలుపుని ఆఫీసర్ గదిలో ఉన్న నలుగురూ చూస్తున్నారు. అత్తగారి చేతిలో కోడలి కుర్చీ వీపు కిర్రుమంది.

అయిదోవాడు గోడని తడుముకుంటూ వచ్చాడు.

"అయిదు," అంది ఆపరేటర్. ఫోన్ పెట్టేసింది. 

మాస్టారు గడియారం చూశారు. యాభై అయిదు సెకన్లు. ఆ రోజు పదకొండు నిమిషాలు. ఈ యాభై అయిదు సెకన్లు ఆమెకి ఆ రోజు ఇవ్వలేదు.

ముందు తేరుకున్నది ఆఫీసర్. వేలు మాస్టారి మీదకి వచ్చింది.

"ఇవాళ కంట్రోల్ రూమ్‌లో ఆ విండో దాచింది ఎవరు? నువ్వు! పొడుగాణ్ణి అడిగితే చెప్తాడు. అయిదుగురు చచ్చిపోయేవాళ్లు. నిన్ను వదిలిపెట్టను. కేసు నీ మీద పెడతాను!"

"దాచడం కుదురుతుందన్నమాట," అన్నారు మాస్టారు.

ఆఫీసర్ వేలు దించాడు.

మాస్టారు జేబులోంచి మడిచిన పేజీ తీసి బల్ల మీద పరిచారు. మూడూ అయిదుకి అతను అన్న మాట అందులో ఉంది. కనపడకుండా దాచడం ఇందులో కుదరదు.

తర్వాత ఆ టైపు చేసిన కాగితం అందుకున్నారు. వెనక్కి తిప్పారు. తెల్లగా ఉన్న వైపు నిలబడే రాశారు. ఒత్తు ఒత్తూ విడివిడిగా, నల్లబల్ల మీద రాసినట్టు. ఇవాళ మూడు గంటల ముప్ఫై ఆరు నిమిషాలకి కంట్రోల్ రూమ్‌లో అలారంల జాబితా కనపడకుండా చేయించింది నేను. రెండో షిఫ్టు ఆపరేటర్ వద్దన్నాడు, నేను వినలేదు. తప్పు నాది. కింద సంతకం పెట్టి టైము వేశారు.

"ఇవాళ్టిది నేను," అన్నారు. గొంతు చాలా తక్కువగా ఉంది. "దీనికి ఏ శిక్ష వేసినా పడతాను. కింద ఇంకా సగం కాగితం ఖాళీగా ఉంది."

కాగితాన్ని ఆఫీసర్ ముందుకి తోశారు. అతను కదల్లేదు. గోడ గడియారంలో నాలుగు కావడానికి పదమూడు నిమిషాలుంది.

ఆపరేటర్ పెన్ను తీసుకుంది. మూత తీసింది. అతని చేతికి అందేలా పట్టుకుంది. అతను తీసుకోకపోయినా పెన్ను వెనక్కి తీయలేదు.

"రాయండి సార్," అంది. "కళ్లజోడు పెట్టుకుని రాయండి."